పొలంలో పనిచేసే మనిషికి బీపీ ఎలా వచ్చింది?

రేగడి నేల | ఆదివారం, రాత్రి 10:40

మాది సిద్దిపేట జిల్లాలో చిన్న ఊరు. నా ఉద్యోగం బెంగళూరులో. బాపుకు (మా వైపు నాన్నను అలాగే పిలుస్తాం) యాభై ఎనిమిదేళ్లు. నాలుగెకరాల్లో పత్తి, వరి వేస్తాడు. రెండు గేదెలున్నాయి. మొన్న పంచాయతీ ఆఫీసు దగ్గర వైద్య శిబిరం పెడితే, పాలు పోసి వస్తూ సరదాకి చెయ్యి చాపాడట. 178/106 వచ్చింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 174/104.

ఫోనులో నవ్వుతూ చెప్పాడు. "బీపీ అంటే ఏసీ గదుల్లో కూర్చునే మీకు రావాలి. నాకెందుకు వస్తుంది? వాళ్ల మిషనే చెడిపోయి ఉంటుంది" అని. మిషను చెడిపోలేదు. రెండేళ్ల కిందట కూడా ఇలాగే ఎక్కువుందని మాత్రలిచ్చారు. ఒక్క పట్టీ వాడి, తలనొప్పి ఏమీ లేదు కదా అని మానేశాడు. ఆ సంగతి నాకు అమ్మ ఇప్పుడు చెప్పింది.

కాళ్లూ చేతులూ సన్నమే, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. చుట్ట, బీడీ అలవాటు లేదు. కల్లు సీజన్లో కల్లు. అడగాలనుకున్నవి రెండే. ఇంత ఒళ్లు వంచి పనిచేసే మనిషికి బీపీ ఎలా వస్తుంది? మాత్ర మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాల్సిందేనా?

కొల్లేటి కొంగ | ఆదివారం, రాత్రి 11:15

బాబూ, మీ బాపు అన్న మాటే మా నాన్నగారూ అన్నారు. కోతల రోజుల్లో ఒక సాయంత్రం ఛాతీ బరువుగా ఉందంటే, గ్యాస్ అనుకుని సోడా తాగించాం. వాము నమిలించాం. తెల్లవారేసరికి లేరు. ఊరంతా "నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు" అన్నారు. బీపీ ఉందో లేదో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

నేను పశ్చిమ గోదావరిలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. 2003-04లో మా రెండు గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలు తీసుకుని, చనిపోయిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్లి, ఏ బాధతో పోయారో అడిగి రాసుకున్న అధ్యయనం ఒకటుంది. లక్షా ఎనభై వేల జనాభాలో 1,354 మరణాలు. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధులవి 13 శాతం. పల్లెటూళ్లలో జనం విరేచనాలతోనో, క్షయతోనో పోతారనుకునే రోజులవి. ఆ కాగితం చదివినప్పుడు నాకు మా నాన్నగారి సోడా గ్లాసే కళ్ల ముందు మెదిలింది.

జొన్నకంకి | సోమవారం, ఉదయం 6:05

అసలు కారణం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మా తాత తొంభై ఏళ్లు బతికాడు. జొన్నరొట్టె, సంగటి, పచ్చిపులుసు తిన్నాడు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. అన్నం పండగ వంటకం నుంచి మూడు పూటల తిండి అయింది. ఆ వెనకే పామాయిలు. మా కర్నూలు వైపు జొన్న చేలు పోయి ఇంకేవేవో వచ్చాయి. తిండి మార్చకుండా మాత్ర మింగితే ఏమొస్తుంది? ఒకటి మొదలుపెడితే రెండు, రెండు నాలుగు అవుతాయి. కంపెనీలకు కావలసిందీ అదే. మీ బాపుగారికి జొన్నలు, కొర్రలు పెట్టి, మునగాకు రసం ఇవ్వండి.

పీహెచ్‌సీ వరండా | సోమవారం, మధ్యాహ్నం 2:20

ఓపీ ఇప్పుడే ముగిసింది. అన్నం తింటూ రాస్తున్నాను. ముందు జొన్నకంకి గారికి: తిండి గురించి మీరన్నదాంట్లో సగం నేను సంతోషంగా ఒప్పుకుంటాను. పళ్లెంలో ముప్పాతిక అన్నమే అయితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరిగి మంచి కొలెస్ట్రాల్ తగ్గడం మా దగ్గరకొచ్చే రైతుల్లో రోజూ చూస్తున్నాను. కానీ 178 ఉన్న మనిషికి మునగాకు రసం ఇచ్చి కూర్చోలేం. ఇక తాతగారి సంగతి. తొంభై ఏళ్లు బతికిన తాతలే మనకు గుర్తుంటారు. యాభైకే పోయినవాళ్లను తాత అని పిలిచే అవకాశం మనకు రాలేదు.

రేగడి నేల గారూ, ఒళ్లు వంచి పనిచేయడం మంచిదే, కాదనను. అయితే ఆ పని ఇప్పుడు ఏడాదిలో ఎన్ని రోజులుంటోంది? దుక్కికి ట్రాక్టరు, కోతకు మిషను, చేనికి బండి. నాటు, కలుపు, పత్తి ఏరడం ఎక్కువగా ఆడవాళ్ల పనులే. మీ బాపు శ్రమ నాట్ల రోజుల్లో ఉన్నట్టు ఫాల్గుణంలో ఉండదు. తిండి మాత్రం రెండు కాలాల్లోనూ ఒకటే.

రెండోది పొట్ట. కాళ్లు సన్నం, పొట్ట ముందుకు అని రాశారే, మన దగ్గర ఎక్కువగా కనిపించే ఒళ్లు అదే. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం మరింత ఇన్సులిన్ తయారు చేస్తుంది. అది ఎక్కువైతే మూత్రపిండాలు ఉప్పును బయటికి పోనివ్వవు. ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడే. నాళాల్లో నీరు పెరిగితే గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే గోడలు బిరుసెక్కుతాయి. బీపీ, షుగర్, పొట్ట ఒకే ఇంట్లో అన్నదమ్ముల్లా కలిసి తిరగడానికి కారణం ఇదే. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే మేం జాగ్రత్త పడతాం. మీ బాపుది ఒకసారి టేపుతో కొలవండి, ప్యాంటు సైజు చూసి చెప్పకండి.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇండియాబ్ సర్వే లెక్క: దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతానికి అధిక రక్తపోటు, 39.5 శాతానికి పొట్ట ఊబకాయం. షుగరు, బీపీ ఇప్పటికీ నగరాల్లోనే ఎక్కువ. కానీ షుగరు గడప దాకా వచ్చిన దశ, అంటే ప్రీడయాబెటిస్, పల్లెల్లో తక్కువేమీ కాదు.

ఒక ప్రశ్న. బాపుకు మోకాళ్ల నొప్పులో, నడుము నొప్పో ఉందా? ఉంటే ఏం వాడుతున్నారు?

రేగడి నేల | సోమవారం, రాత్రి 9:50

డాక్టర్ గారూ, మీరు మా ఇంటి కిటికీలోంచి చూసి అడిగినట్టుంది. అమ్మను అడిగాను. పత్తి సీజన్లో వారం వారం ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నడుముకు సూది. దాంతోపాటు కాగితంలో చుట్టిన మాత్రలు, రెండు తెల్లవి, ఒకటి పసుపుది, ఒకటి చిన్నది. పేర్లు లేవు, పట్టీ లేదు. "అది పడితే ఆ రోజంతా ఇరవై ఏళ్ల కుర్రాడిలా పనిచేస్తాడు" అంది అమ్మ.

పీహెచ్‌సీ వరండా | సోమవారం, రాత్రి 10:30

ఇది విని నాకు ఆశ్చర్యం లేదు. ఆ సూది డైక్లోఫెనాక్ కావచ్చు. ఆ జాతి నొప్పి మందులన్నీ ఉప్పును, నీటిని ఒంట్లో ఆపేస్తాయి. బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనిని కూడా తగ్గిస్తాయి. ఇరవై ఏళ్ల కుర్రాడిలా అన్నారంటే చిన్న మాత్ర స్టెరాయిడేమో అని నా అనుమానం. స్టెరాయిడైతే షుగరూ పెరుగుతుంది, అదీ చూడాలి. ఆర్ఎంపీని తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే తీసేది ఆయనే. కానీ మాత్రల పేర్లు రాసిమ్మని అడగండి. స్టెరాయిడని తేలి, ఎక్కువ కాలంగా వాడుతూ ఉంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించకండి. మాకు చూపించి తగ్గించుకుంటూ రావాలి.

ఉద్దానం జీడితోట | మంగళవారం, మధ్యాహ్నం 1:10

నమస్తే అండీ. నేను శ్రీకాకుళం వైపు సబ్ సెంటర్లో ఏఎన్ఎంని. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. బీపీ, షుగరు లేనివాళ్లకు కూడా వస్తోంది. అందుకే నొప్పి సూది అనే మాట వింటే మాకు గుండె దడ. ఎండలో చెమట కారి ఒళ్లు ఎండిపోయి ఉండగా, పైన బీపీ, దాని మీద నొప్పి మందు పడితే మూత్రపిండాలు ఎలా తట్టుకుంటాయి?

మాత్ర ఎందుకు మానేస్తారో నన్ను అడగండి, పదిహేనేళ్లుగా ఇదే వింటున్నాను. "తల తిరిగినప్పుడు వేసుకుంటున్నానమ్మా." "బీపీ తగ్గింది కదా, ఇంకా ఎందుకు?" "అలవాటు పడిపోతే కష్టం." "మాత్ర వేసుకున్న రోజు చేపల పులుసు తినకూడదట కదా!" ఈ ఆఖరుది ఎవరు పుట్టించారో గానీ మా ఊళ్లో సగం మంది నమ్ముతారు. ఇంకొందరికి మాత్రలు అయిపోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఒక రోజు కూలి పోతుంది. అందుకే నేను నెలకోసారి సచివాలయం అరుగు మీదే మిషను పెట్టుకుని కూర్చుంటాను.

జ్వరం మాత్రతో జ్వరం పోతుంది. బీపీ మాత్ర అలాంటిది కాదు. గొడుగు లాంటిది. పట్టుకున్నంతసేపే తడవం. తడవలేదు కదా అని వానలో గొడుగు మూసేస్తామా?

ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదేం? మా వైపు ఎండుచేపలు, మీ వైపు పచ్చళ్లు. రోజుకు మనిషికి అయిదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు ఉండాలంటారు. ఎవరూ తూచుకుని తినరు. నేను ఇంట్లో ఆడవాళ్లను ఒకటే అడుగుతాను: కిలో ఉప్పు ప్యాకెట్టు ఎన్ని రోజులు వస్తోంది? ఇంట్లో ఇద్దరే అయితే వంద రోజులు రావాలి.

అది సరే, అమ్మగారికి బీపీ చూశారా?

రేగడి నేల | మంగళవారం, రాత్రి 10:05

అమ్మకు చూడలేదు. ఆమెకు ఏమీ లేదు, ఆరోగ్యంగానే ఉంటుంది.

ప్యాకెట్టు లెక్క అడిగాను. ముప్పై అయిదు రోజులట! మనిషికి పద్నాలుగు గ్రాములు! కంగారుపడి అమ్మ మీద కేకలు వేశాను. ఆమె అంతా విని, "గేదెల కుడితిలో గుప్పెడు వేస్తానురా, దాని లెక్క తీశావా?" అంది. మీ లెక్కలో గేదెలు లేవు మేడం.

ఉద్దానం జీడితోట | మంగళవారం, రాత్రి 10:20

హహ! కుడితి ఉప్పు తీసేయండి. పచ్చళ్లలో పోసే దొడ్డుప్పు కలపండి. అది ప్యాకెట్టు లెక్కలో రాదు కదా.

మెంఫిస్ మందులకొట్టు | బుధవారం, ఉదయం 7:45

అమెరికాలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను, టెనెసీలో. ఇక్కడి ఆగ్నేయ రాష్ట్రాలకు 1960ల నుంచి "స్ట్రోక్ బెల్ట్" అని పేరు. పక్షవాతం మరణాలు మిగతా దేశం కన్నా ఎక్కువ. మా కొట్టుకు వచ్చే పత్తి రైతు కూడా మీ బాపు మాటే అంటాడు, ఇంగ్లీషులో.

సిద్దిపేట అన్నారు కాబట్టి చెప్పాలనిపించింది. మీ జిల్లాలోనే ఏడు గ్రామాల్లో బీపీ ఉన్న 502 మందితో ఒక పరీక్ష జరిగింది. 2021లో అచ్చయింది. సగం మందికి మామూలు ఉప్పు, సగం మందికి 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు చెప్పలేదు. మూడు నెలల్లో రెండో గుంపులో పై అంకె సగటున 4.6 తగ్గింది. వంట మారలేదు, డబ్బాలో ఉప్పు మారిందంతే. అదే ఏడాది చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21 వేల మందితో అయిదేళ్లపాటు చేసిన పరీక్ష ఫలితాలు కూడా వచ్చాయి. అక్కడ ఇలాంటి ఉప్పుతో పక్షవాతం 14 శాతం తగ్గింది.

ఒక హెచ్చరిక మాత్రం మర్చిపోవద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, పొటాషియం పెంచే మందులు వాడేవాళ్లు (టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర కూడా వాటిలో ఒకటి) డాక్టరును అడగకుండా ఆ ఉప్పు ముట్టకూడదు. బాపుకు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూశాకే ఆ ఆలోచన. సైంధవ లవణం, గులాబి ఉప్పు అంటూ ఎక్కువ ధర పెట్టి కొనకండి. అవీ సోడియమే.

జొన్నకంకి | బుధవారం, ఉదయం 8:30

చూశారా, చివరికి అందరూ వంటింట్లోకే వచ్చారు! నన్ను తాత కబుర్లు చెప్పేవాడిగా తీసిపారేశారు గానీ నేనూ చదువుతాను. హైదరాబాద్ దగ్గర 29 గ్రామాల్లో 1987 నుంచి 1990 వరకు కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనంగా పోషకాహారం పెట్టారు. పక్క ఊళ్లలో పెట్టలేదు. పదిహేనేళ్ల తర్వాత జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు, విదేశీ పరిశోధకులు వెళ్లి ఆ పిల్లలను కొలిచారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడుగు, వాళ్ల రక్తనాళాల బిరుసు 3.3 శాతం తక్కువ. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిన్న తిండి నాళాల దాకా వెళుతుందన్నమాట. ఇక తిండి కాకపోతే ఇంకేమిటి?

పీహెచ్‌సీ వరండా | బుధవారం, మధ్యాహ్నం 2:45

మంచి అధ్యయనం పట్టుకొచ్చారు, నిజంగానే. కడుపులో అర్ధాకలితో పెరిగిన పిల్లవాడు తర్వాత కడుపునిండా తిని పొట్ట పెంచితే, అతనికి బీపీ, షుగరు త్వరగా వచ్చే అవకాశం ఎక్కువ. ఆ తరం రైతులను నేను రోజూ చూస్తున్నాను. కానీ ఆ అన్నం పెట్టాల్సిన రోజు బాపు విషయంలో యాభై ఎనిమిదేళ్ల కిందట దాటిపోయింది. ఇప్పుడు ఆయనకు కావలసింది మాత్ర. దాని పక్కన మీ జొన్నరొట్టె. నాకు రెండింటికీ గొడవ కనిపించడం లేదు. మీకు కనిపిస్తోంది.

జొన్నకంకి | బుధవారం, సాయంత్రం 6:10

నాకు ఇంకా కనిపిస్తూనే ఉంది. అయినా బాపుగారి విషయంలో అడ్డు చెప్పను.

రేగడి నేల | సోమవారం, రాత్రి 11:30

శనివారం ఊరెళ్లి ఇప్పుడే తిరిగొచ్చాను. సబ్ సెంటర్లో బాపును అయిదు నిమిషాలు కుర్చీలో ఆనించి కూర్చోబెట్టారు. మాట్లాడొద్దన్నారు. అదే ఆయనకు పెద్ద శిక్ష. చొక్కా చెయ్యి పైకి మడిచి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి రెండుసార్లు చూశారు. 168/100, 164/98. నడుము 97. షుగరు పరగడుపున 112. ఆర్ఎంపీ మాత్రల పేర్లు చెప్పలేదు, "ఇక ఆ చిన్నది ఇవ్వనులే" అన్నాడు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అసలు చెప్పాల్సింది ఇది కాదు. ఏఎన్ఎం మేడం మాట గుర్తొచ్చి, అక్కడే నిలబడి ఉన్న అమ్మను కూడా కూర్చోబెట్టాను. వద్దంది, పొయ్యి మీద పప్పు ఉందంది. 182/104. మళ్లీ చూస్తే 184/104.

నా చెల్లెలు పుట్టాక ఆమెకు ఎవరూ బీపీ చూడలేదట. ఆ కాన్పులో కాళ్లు, ముఖం వాచి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లారని అమ్మమ్మ అంటుండేది. ఆ రాత్రి అమ్మ తినేటప్పుడు పక్కన కూర్చుని చూశాను. శిబిరం రోజు నుంచి బాపుకు ఉప్పు తక్కువ వేసి కూర వండుతోంది. ఆయన తిన్నాక గిన్నెలో మిగిలిన చప్పటి కూర పక్కకు పెట్టేసి, తను మాత్రం మామిడికాయ పచ్చడి, అన్నం. "నాకు ఆ చప్పటిది దిగదురా" అంది. పదిహేను రోజులుగా నేను ఆమెకు ఫోను చేసి బాపు ఆరోగ్యం గురించి అడుగుతున్నాను.

ఉద్దానం జీడితోట | మంగళవారం, ఉదయం 6:40

బాబూ, పొద్దున్నే చదివి ఏడుపొచ్చింది. మా రిజిస్టర్లో ఇలాంటి అమ్మలే ఎక్కువ.

పీహెచ్‌సీ వరండా | మంగళవారం, మధ్యాహ్నం 2:00

గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ పెరిగిన ఆడవాళ్లకు తర్వాతి జీవితంలో బీపీ, గుండెజబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువ. పిల్ల పుట్టాక వాపు తగ్గితే అందరూ మర్చిపోతారు. అమ్మగారిని ఈ వారమే పీహెచ్‌సీకి పంపండి, వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు. ఇద్దరికీ క్రియాటినిన్, మూత్ర పరీక్ష, కొలెస్ట్రాల్ చేయించండి. బీపీ నియంత్రణకు 2017 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. మాత్రలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. సాధారణంగా ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. పాదాలు కాస్త వాస్తే భయపడి మానేయొద్దు, వచ్చి చెప్పమనండి, మారుస్తారు. అక్కడి డాక్టరు చూసి చెప్పిందే ఆఖరి మాట, నేను రాసింది కాదు.

మూతి ఒక పక్కకు పోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా పసరు మందు పోసే ఊరికి కారు కట్టించొద్దు. 108కి ఫోను చేయండి. అవి పక్షవాతం గుర్తులు, మెదడు నాళంలో గడ్డ కరిగించే మందు అవి మొదలైన నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. పసరు ఊరికి వెళ్లొచ్చేసరికి ఆ గంటలు అయిపోతాయి.

కొల్లేటి కొంగ | మంగళవారం, రాత్రి 9:00

మాస్టారి సలహా ఒకటి. అమ్మగారి మాత్రల డబ్బా, బాపుగారి మాత్రల డబ్బా వేరువేరుగా పెట్టించండి. మా ఇంట్లో ఒకే డబ్బా ఉండేది. ఆవిడ "మీవి అయిపోయాయి కదా" అని తనవి నాకు ఇచ్చేసి, నెలాఖరులో తను మానేసేది. నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

రేగడి నేల | ఆరు వారాల తర్వాత, శనివారం రాత్రి

చాలామంది సందేశాలు పంపి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను. అమ్మకు రెండు రకాల మాత్రలు, బాపుకు ఒకటి. రక్తపరీక్షల్లో ఇద్దరి మూత్రపిండాలూ బాగున్నాయి. బాపు సూదికి వెళ్లడం మానలేదు గానీ, నెలకొకసారికి వచ్చాడు. కల్లు మానేశానంటున్నాడు. ఇది కల్లు సీజను కాదు కాబట్టి ఆ మాట లెక్కలో వేసుకోలేదు. పొటాషియం ఉప్పు డాక్టరుగారు అమ్మకు వద్దన్నారు, ఆమె మాత్రల్లో టెల్మిసార్టాన్ ఉంది. పచ్చడి జాడీని అటక మీదికి ఎక్కించాను. స్టూలు వేసుకుని దించుకుందని చెల్లెలు చెప్పింది.

వారానికోసారి ఆశా వర్కర్ వచ్చి ఇద్దరికీ బీపీ చూసి వెళుతోంది. రాసిపెట్టడానికి వేరే కార్డు ఇచ్చారు గానీ, బాపుకు పాల పుస్తకం తప్ప వేరే కాగితం మీద నమ్మకం లేదు. లీటర్లు, వెన్న శాతం, రేటు రాసే పేజీ అంచునే బీపీ కూడా రాస్తున్నాడు. మొన్న పాలకేంద్రంలో కుర్రాడు లెక్క చూస్తూ, "136, 142. ఇవి ఏ గేదె లెక్కలు?" అని అడిగాడట.

"పైది నాది, కిందిది మా ఇంటావిడది. గేదెలవి వెనక పేజీలో ఉన్నాయి" అన్నాడట బాపు.